ఆదివారం క్లోజ్డ్

మా తమ్ముడు తాగుబోతు అని మా ఇంట్లో మొదట నోరు తెరిచి అన్నది నేనే. అంతవరకూ దానికి వేరే పేర్లు ఉండేవి. అమ్మ "వానికి ఒంట్లో బాగలేదు" అనేది. మా చిన్నాన్న "సావాసాలు సరిలేవు" అనేవాడు. వాడైతే "సుమ్నే, ఊరికే స్వల్ప తలనొప్పి" అని కన్నడంలోకి జారుకునేవాడు. ఒకరోజు పొద్దున, అంగడి తెరవాల్సిన వేళకు వాడు గోడ పట్టుకొని నడుస్తుంటే, బడికి బయల్దేరి చెప్పులు తొడుక్కుంటున్నదాన్ని ఆగిపోయి, "తాగుబోతువురా నువ్వు! తాగుబోతువి!" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ముందు వీధి కిటికీ మూసింది, ఆ తర్వాత నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

మాది బెంగళూరులో కాటన్‌పేట. తాత హిందూపురం వైపు నుంచి వచ్చి గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే హోల్‌సేల్ అంగడి పెట్టాడు. నాన్న పోయాక అంగడి తమ్ముడి చేతికి వచ్చింది. నేను వాడికన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఒక కన్నడ బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పేటంతా తెలుసు. ఇంగ్లీషు వచ్చన్న పొగరు కూడా కొంచెం ఉండేది. ఈ రెండూ ముందే ఒప్పుకుంటున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. ఇందులోకి వచ్చే మనుషులు తమ పేర్లు బయట చెప్పుకోరు. వాళ్ళు పాటించే మర్యాద నేనూ పాటించాలి.

వాడు మంచివాడు. అక్కను కాబట్టి అంటున్న మాట కాదిది. కళ్ళు మూసుకొని అరచేతిలో గుండీ పెట్టించుకొని, వేలితో తడిమి, రెండు కళ్ళదో నాలుగు కళ్ళదో, చొక్కాదో కోటుదో చెప్పేవాడు. మనుషుల్ని నవ్వించేవాడు. మా నెల్లూరు బంధువు ఒకాయన కొత్తగా ఈ ఊరొచ్చి ఆటో ఎక్కి, మా సందు మలుపు రాగానే "కుడి! కుడి!" అని అరిచాడట. కన్నడంలో కుడి అంటే తాగు అని. ఆటో ఆయన బండి ఆపేసి, "పొద్దున పూట ముట్టను స్వామీ, దేవుడి మీద ఒట్టు" అన్నాడట. ఇది వాడు చెప్పగా వందసార్లు విన్నాను, వందసార్లూ నవ్వాను. నేను తిట్టినప్పుడు కూడా అదే ఎత్తుకునేవాడు. "నేనేం చేసేదక్కా, ఈ ఊర్లో యాడ తిరగాలన్నా కుడి, కుడి అంటాండారు." తిట్టడానికి తెరిచిన నోరు నవ్వేసేది. ఆ నవ్వు వచ్చినందుకు నా మీద నాకే మళ్ళీ కోపం వచ్చేది.

మేము చెయ్యనిది లేదు. అమ్మ వాడి చేత మాల వేయించింది. నలభై ఒక్క రోజులు నల్ల బట్టలు కట్టుకొని, చన్నీళ్ళ స్నానం చేసి, చాప మీద పడుకొని, బీడీ కూడా ముట్టలేదు. మొగం తేటపడింది. అమ్మ వీధిలో కనపడిన వాళ్ళకల్లా చెప్పుకుంది. కొండకు వెళ్ళొచ్చి మాల తీసేసిన మధ్యాహ్నమే వాడు మళ్ళీ తాగాడు. "మాల ఉన్నన్ని దినాలూ దేవుడు పట్టుకొని ఉండె. ఇప్పుడు ఎవరు పట్టుకుంటారక్కా?" అన్నాడు. వాడిది ఎప్పుడూ తమాషానే కదా, ఇదీ తమాషానే అనుకున్నాను. వాడు నిజంగానే అడిగాడని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎవరో చెప్తే ఒక పొడి తెప్పించాం. తాగేవాళ్ళకు తెలియకుండా కూరలో కలిపి పెడితే వారంలో విరక్తి పుడుతుందని పొట్లం మీద రాసి ఉంది. చారులో కలిపాను. వాడు రెండు ముద్దలు తిని తలెత్తి, "అక్కా, ఈ దినం చారులో ఏదో కొత్త పొడి ఏసినట్టుండావే. బాగుండాది. ఇంకో గంటెడు పొయ్యి" అన్నాడు. అమ్మ పెళ్ళి మాట ఎత్తింది. "పెండ్లి చేస్తే దారికొస్తాడే, బాధ్యత తెలుస్తాది" అని. "కావాలంటే నువ్వు వెతుక్కో. ఒక ఆడపిల్ల గొంతు కొయ్యడానికి నేను రాను" అన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాటకు మాత్రం నేను ఇప్పటికీ బాధపడను.

మీటింగుల సంగతి తెలిసింది బడిలో. స్టాఫ్ రూముకు ఇంగ్లీషు పేపరు వచ్చేది. ఆరోజు ఊళ్ళో ఏమేం జరుగుతాయో అందులో చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళు. ఒక హరికథ, ఒక పూల ప్రదర్శన, వాటి మధ్య రెండు లైన్లు. తాగుడు మానాలనుకునేవాళ్ళు, మానినవాళ్ళు కలిసి కూర్చుంటారని, ఫలానా చర్చి వెనక బడిగదిలో అని, కింద ఒక ఫోన్ నంబరు. ఆ ముక్క చించుకుంటుంటే హెడ్‌మిస్ట్రెస్ చూసింది. "ఏంటమ్మా అది?" అంది. "సంబంధం ప్రకటన, మేడమ్" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని. ఆవిడ మొగం వెలిగిపోయి, బీరువాలోంచి తన కత్తెర తీసిచ్చింది.

సాయంత్రం అమ్మ గుడికి పోయినప్పుడు ఫోన్ చేశాను. ఒక పెద్దాయన గొంతు. కన్నడంలో మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి మారాడు. మా పేట తెలుగే. మిల్లులో పనిచేసి రిటైరయ్యాననీ, పద్నాలుగేళ్ళుగా చుక్క ముట్టలేదనీ, పేరు చెప్పాల్సిన పని లేదనీ అన్నాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మా తమ్ముడు."

"ఆయప్ప అడిగినాడా, మీరు అడుగుతాండారా?"

"నేనే."

"పర్వాలేదు. మీరు బలవంతం చేస్తే రాడు. కానీ ఆయప్పే అడిగే దినం ఒకటి వస్తాదమ్మా. ఆ దినం మాత్రం ఆలస్యం చెయ్యొద్దండి." తర్వాత, "మీటింగుల కార్డు పోస్టులో పంపిస్తా. దాన్ని ఎట్ల చూసుకోవాలంటే..." అని మొదలుపెట్టాడు.

అంతలో పక్కింటావిడ ఫోన్ చేసుకోవడానికి లోపలికి వచ్చింది. ఆ రోజుల్లో మా వరసలో ఫోన్ మాకొక్కరికే ఉండేది. నేను గోడ వైపు తిరిగాను. "చూసుకుంటా లెండి, నేను ఇంగ్లీషు టీచర్ని" అని పెట్టేశాను.

కార్డు వచ్చింది. అరచేతిలో పట్టేంత, నీలం అట్ట. రోజు, వేళ, చోటు, చివర ఒక్కొక్క మాట. దేవుడి పటం వెనక పెట్టాను. తమ్ముడికి చూపిస్తే నవ్వాడు. "తాగుబోతులందరూ ఒక్కచోట చేరి టీ తాగి పోతారా? ఇంతకంటే అన్యాయం ఉండాదా అక్కా?" అమ్మ చర్చి అన్న మాట విని గుండె మీద చెయ్యి వేసుకుంది. "మతం మార్చేస్తారే వాణ్ణి!" వాడు, "మార్చుకోనీలేమ్మా. నన్ను మార్చేదానికి ఎవురన్నా పూనుకుంటే అదే చాలు" అన్నాడు. నేను అరిచాను, అన్నం తట్టలు విసిరాను, వారం పాటు వాడికి అన్నం వడ్డించలేదు. కార్డు పటం వెనక అయిదు నెలలు అట్లాగే ఉండిపోయింది.

ఆషాఢం, శనివారం. వాన. బడి ఒంటిపూట కావడంతో మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. వాడు అంగడికి పోలేదు. గదిలో మంచం మీద కూర్చొని చొక్కా వేసుకోవాలని చూస్తున్నాడు. రెండు రోజులుగా తాగలేదని అమ్మ చెప్పింది. చేతులు వణికిపోతున్నాయి. పై గుండీ కాజాలో పెట్టబోతాడు, జారిపోతుంది. మళ్ళీ పెట్టబోతాడు. గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూశానో తెలియదు. గుండీల అంగడివాడికి తన చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాలేదు. నాకు కోపం రాలేదు. మొదటిసారి రాలేదు. పోయి ముందు వంగి ఒక్కొక్కటే పెట్టాను. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పెట్టినట్టే, కిందినుంచి పైకి.

మెడ దగ్గరది పెడుతుంటే వాడు నా తల మీదుగా గోడ వైపు చూస్తూ అన్నాడు. "అక్కా, ఆ కార్డు ఉండాదా ఇంకా?"

"ఉండాది."

"రేపు ఆదివారం కదా. అంగడి లేదు. పోదామా?"

పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను, పటం కిందపడబోతే పట్టుకున్నాను. కార్డు తెచ్చి వాడి పక్కన కూర్చొని వేలు పెట్టి చదివాను. మంగళవారం, సాయంత్రం ఆరున్నర, ఓపెన్. ఆదివారం, పొద్దున పదకొండు, క్లోజ్డ్.

కాటన్‌పేటలో పుట్టిన ఎవర్నయినా అడగండి. ఆదివారం పక్కన క్లోజ్డ్ అని ఉంటే దానికి ఒక్కటే అర్థం. మా అంగడి తలుపు మీద నాన్న రాయించిన రేకు అదే, పక్క అంగడి మీదా అదే, వీధి మొత్తం అదే. పైగా నేను నాలుగో తరగతికి వ్యతిరేక పదాలు చెప్పేదాన్ని. బోర్డు మీద ఒక పక్క ఓపెన్, ఇంకో పక్క క్లోజ్డ్.

"రేపు లేదప్పా, క్లోజ్డ్" అన్నాను. "మంగళవారం ఉండాది. నేను బడి నుంచి తొందరగా వస్తా, ఇద్దరం పోదాం."

"వాళ్ళకూ ఆదివారం రజానా, సెలవా?"

"అందరికీ ఆదివారమే కదా."

"తాగేదానికి మాత్రం రజా లేదే అక్కా" అని నవ్వాడు. వాడి నవ్వు చూసి నేనూ నవ్వాను. అంత సంతోషంగా ఉన్నాను మరి. అడిగాడు కదా, వాడే అడిగాడు కదా, మంగళవారం ఎంత దూరం అనుకున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే వాడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వసారాలో కూర్చున్నాడు. గుండీలు అమ్మ పెట్టిందట. నేను ఉప్మా పెట్టాను. తినలేదు. కాలు ఒకటే ఊపుతున్నాడు. కొంతసేపటికి, "అక్కా, ఒకసారి ఫోన్ చేసి అడగరాదా? ఎవరైనా ఉంటారేమో" అన్నాడు.

అప్పుడు నేను అన్న మాట రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. "రాసి ఉండాది కదరా! నాకు ఇంగ్లీషు రాదనుకున్నావా? అయిదు నెలలు పటం వెనక పడి ఉంటే కనపడలా, ఇప్పుడు రెండు దినాలు ఆగలేవా?" అన్నాను. ఇంత మాటా అన్నాను.

వాడు "అట్లనే" అన్నాడు. గోడ గడియారం పదకొండు కొట్టేదాకా కూర్చున్నాడు. తర్వాత ఇంకో గంట కూర్చున్నాడు. పన్నెండు దాటాక లేచి, "కొంచెం గాలికి తిరిగొస్తా" అన్నాడు. అమ్మ గొడుగు ఇచ్చింది. నాలుగింటికి వచ్చాడు, గొడుగు లేదు, చొక్కాకు రెండు గుండీలు లేవు.

మంగళవారం బడినుంచి పరుగున వస్తే, "నాకు బాగలేదక్కా. వచ్చే వారం చూద్దాం" అని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. వచ్చే వారమూ అంతే. బతిమాలాను, ఏడ్చాను, కాళ్ళు పట్టుకోబోయాను. వాడు మళ్ళీ అడగలేదు. శ్రావణంలో కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. దసరా దాటి పది రోజులకు ఆసుపత్రిలో, మధ్యాహ్నం, నెత్తురు కక్కుకొని పోయాడు. ముప్పై అయిదేళ్ళు. బతికి ఉండగా వాడి కాళ్ళు చేతులు ఎంత సన్నబడ్డాయో నేను చూసుకోలేదు. చివరి స్నానం చేయించేటప్పుడు చూశాను.

పెద్దకర్మ అయ్యాక ఒకరోజు పటం తుడుస్తుంటే కార్డు కింద పడింది. చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో ఒకరి మీద మండాలి కదా! ఆరోజు మంగళవారం. సంచీ తగిలించుకొని మెజెస్టిక్‌లో బస్సెక్కి కంటోన్మెంట్ వైపు పోయాను. చర్చి గేటు దాటగానే నల్లబల్ల మీద సుద్దముక్కతో బాణం గీసి ఉంది, కుడి పక్కకు. వాడుంటే ఏమనేవాడో తెలుసు. ఈ ఊళ్ళో కుడి అంటే కుడి పక్క మాత్రమే అయిన చోటు అదొక్కటే కాబోలు. దానికి కూడా ఏడుపొచ్చింది, తుడుచుకొని లోపలికి పోయాను.

చిన్నపిల్లల బడిగది. గోడల మీద మామిడిపండు, ఏనుగు బొమ్మలు. పన్నెండు మంది దాకా ఇనప కుర్చీల్లో కూర్చొని ఉన్నారు. ఒక్కొక్కరే లేచి, నేను తాగుబోతును అని చెప్పుకొని, తమ సంగతి చెప్పి కూర్చుంటున్నారు. ఎవరూ మధ్యలో మాట్లాడటం లేదు. మా ఇంట్లో నేను తిట్టుగా అరిచిన మాటను అక్కడ వాళ్ళు మామూలుగా, తలెత్తుకొని చెప్తున్నారు. అది విన్నకొద్దీ నా కోపం ఇంకా పెరిగింది. ఒక ఎడం దొరకగానే లేచాను.

"మీరు ఆదివారాలు ఎందుకు మూసుకుంటారు?" అని అడిగాను. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి పోయాను, నాకే తెలియలేదు. "తాగేవాళ్ళకు ఆదివారం రజానా? అంగడా ఇది, రేకు తగిలించి ఇంట్లో పడుకునేదానికి? మా తమ్ముడు ఆదివారం వస్తానన్నాడు. స్నానం చేసి కూర్చున్నాడు. మీరు తలుపు తెరిచి ఉంటే వాడు ఈరోజు ఉండేవాడు!"

ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. గొంతు వినగానే పోల్చుకున్నాను, ఫోన్‌లో మాట్లాడినాయనే. నా చేతిలో కార్డు చూసి, ఆదివారం లైను మీద వేలు పెట్టాడు.

"అమ్మా," అన్నాడు. "క్లోజ్డ్ అంటే మూత కాదమ్మా. ఆ దినం తాగుడు ఉన్నవాళ్ళం మాత్రమే కూర్చుంటాం. ఇంటివాళ్ళు, చూసేదానికి వచ్చేవాళ్ళు లోపలికి రాకూడదు. అంతే. ఓపెన్ అంటే ఎవురైనా రావచ్చు."

నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా అడిగాను. "ఆషాఢంలో ఒక ఆదివారం. పెద్ద వాన."

"ఉండినామమ్మా. నీళ్ళు గుమ్మం దాకా వచ్చుండె. అయిదు మందిమే ఉండినాం." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లలో ఒక్క ఆదివారం కూడా మూయలేదు."

ఎవరో నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో టీ ఇచ్చారు. ఫోన్‌లో సరిగ్గా చెప్పకపోవడం తనదే తప్పని ఆయన అంటున్నాడు. ఆయన చెప్పబోతుంటే పెట్టేసింది నేను. నలభై నిమిషాల బస్సు ప్రయాణం. వాడు ఒక్కడే పోయుంటే, చొక్కా గుండీలు పెట్టించుకొని, గొడుగు పట్టుకొని పోయుంటే, లోపలికి రానిచ్చి ఉండేవాళ్ళు. లోపలికి రాకూడనిది నేను మాత్రమే.

అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. "ఆ చర్చివాళ్ళు ఆదివారం తెరిచి ఉంటే" అని అప్పుడప్పుడు అనేది. నేను ఊ కొట్టేదాన్ని.

ఆ పెద్దాయన పిలిస్తే ఇంటివాళ్ళ కోసం జరిగే వేరే మీటింగుకు పోవడం మొదలుపెట్టాను. అక్కడ నాలాంటి నోళ్ళు చాలా ఉన్నాయి. రెండువేల సంవత్సరం తర్వాత వైట్‌ఫీల్డ్, కుందలహళ్ళి వైపు ఆంధ్రా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు పెరిగారు, కార్డు తెలుగులో కూడా వేయాలన్నారు. నన్ను రాయమన్నారు. క్లోజ్డ్ అన్న చోట, "తాగుడు మానాలనుకునేవాళ్ళకు మాత్రమే. తలుపు తీసే ఉంటుంది" అని రాశాను. అంత పొడుగు పట్టదన్నారు. "పట్టకపోతే ఆ పువ్వుల అంచు తీసెయ్యండి!" అని అరిచాను. తీసేశారు.

ఇంటివాళ్ళు అడగడానికి నెట్‌లో నా నంబరు కూడా పెట్టారు. ఒక ఆదివారం పొద్దున కుందలహళ్ళి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, నెట్‌లో సండే క్లోజ్డ్ అని ఉందండీ. మావారు ఇవాళే వెళ్తానంటున్నారు. ట్యూస్‌డే దాకా వెయిట్ చేయమని చెప్పనా?" ఎంత గట్టిగా అరిచానో, ఆ పిల్ల భయపడి ఉంటుంది. "వద్దు! ఇప్పుడే ఆటో ఎక్కించు! చెప్పులు తర్వాత వేసుకోవచ్చు, ముందు ఎక్కించు!" అతను వెళ్ళాడో లేదో నాకు తెలియదు. ఆమె మళ్ళీ ఫోన్ చేయలేదు, పేరు నేను అడగలేదు.

ఇవన్నీ మా మీటింగులో చెప్పాను. ఒక్కటి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మంగళవారం తర్వాత వచ్చిన ఆదివారం నేను మళ్ళీ అక్కడికి పోయాను. కళ్ళారా చూడాలనిపించింది. పదకొండుకు అయిదు నిమిషాలుంది. బాణం ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. గుమ్మం బయట ఒక మనిషి చీపురుతో వాననీళ్ళు తోస్తున్నాడు. మంగళవారం నన్ను చూసినవాళ్ళలో ఆయన లేడు. నన్ను చూసి చీపురు గోడకు ఆనించాడు.

"ఎవరి కోసమమ్మా?"

లోపలికి రాకూడదని నాకు తెలుసు. చూడటానికి వచ్చానని చెబితే సరిపోయేది. నా నోట్లోంచి మాత్రం ఇంకో మాట వచ్చింది.

"మా తమ్ముడు. ఆదివారం వస్తానన్నాడు."

"మొదటిసారా?"

"అవును."

ఆయన నవ్వాడు. "భయపడతాంటాడులే. మేమంతా అట్ల వచ్చినవాళ్ళమే. లేటయినా పర్వాలేదని చెప్పమ్మా. తాగి వచ్చినా పర్వాలేదు. వస్తే చాలు. పన్నెండున్నర దాకా ఈడనే ఉంటాం."

"ఉంటారా?"

"ఉంటామమ్మా. ఎప్పుడూ ఉంటాం."

"చెప్తానప్పా" అన్నాను.

పన్నెండున్నర దాకా గేటు దగ్గరే నిలబడ్డాను.